ఏ వైపు ఆంటీ?

మొన్న ఆదివారం చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇండియన్ స్టోర్‌లో వంగి కరివేపాకు ఏరుకుంటుంటే వెనకనుంచి ఒక కుర్రాడు "ఎక్స్‌క్యూజ్ మీ ఆంటీ" అన్నాడు. మామూలుగా అయితే పక్కకి జరిగేదాన్ని. ఆ రోజు మాత్రం నా ప్రమేయం లేకుండా "ఏ వైపు?" అని వచ్చేసింది నోట్లోంచి. ఎటు జరగాలని అడుగుతున్నానేమో అనుకున్నాడు పాపం, "కొంచెం అటు జరిగితే చాలు ఆంటీ" అని కొత్తిమీర కట్ట అందుకుని వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి నవ్వుకున్నాను. కార్‌లోకి వచ్చి కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆ మాట నాది కాదు, పోయిన ఒక మనిషిది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడ అచ్చయినా స్పెల్లింగ్ తానే సరిచూసుకోవాలనే మనిషి, ఇప్పుడు చూసుకోవడానికి లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక జీవిత బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసింది. ఎవరైనా పోతే వెనకున్నవాళ్ళు నింపే ఫారంలో "చనిపోయినవారితో మీ సంబంధం" అని ఒక గడి ఉంటుందట. ఆ గడిలో రాసింది నిజమా, అబద్ధమా, ఆశా అన్నది తేల్చడం ఆవిడ పని. రిటైరైంది కానీ ఆ గడి ఆవిణ్ణి వదల్లేదు. ఎవరైనా పరిచయమైతే ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో తేలాలి, కుశలప్రశ్నలు ఆ తర్వాతే.

నాకు పరిచయమయ్యేనాటికి ఆవిడ డెబ్బైకి దగ్గర్లో ఉంది. నేను చీరాల నుంచి వచ్చి ఏడాది. అక్కడ జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పేదాన్ని. ఇక్కడ హెచ్-ఫోర్ వీసా, అంటే మొగుడి ఉద్యోగం మీద పెళ్ళానికి ఇచ్చేది. దాని మీద మనం ఉద్యోగం చెయ్యకూడదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని లైబ్రరీలో వాలంటీరుగా చేరితే, నన్ను తీసుకెళ్ళి వంశవృక్షాల విభాగంలో పడేశారు. అమెరికావాళ్ళు పాత కాగితాల ఫొటో రీళ్ళు చూపించే మైక్రోఫిల్మ్ యంత్రాల ముందు కూర్చుని, పిడి తిప్పుకుంటూ, నూరేళ్ళ కిందటి చర్చి రిజిస్టర్లలో, జనాభా లెక్కల్లో తమ ముత్తాతల్ని వెతుక్కునే చోటది. అందరికంటే ముందొచ్చి కిటికీ పక్క యంత్రం ఆక్రమించేది ఈ తెల్లావిడే. బూట్ల లేసుకి కట్టిన భూతద్దం మెడలో, పెన్సిలు చెవి మీద, ఎండాకాలంలో కూడా పై గుండీ దాకా పెట్టిన స్వెటరు.

మొదటిరోజే తెర మీద ఒక వరస చూపించి "ఇది చదవగలవా?" అంది. నా యాస విని పరీక్ష పెడుతోందని అర్థమైంది. ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకొద్దీ పేపర్లు దిద్దినదాన్ని, నాకు కోడిగీతలు కొత్తా! గడగడా చదివేశాను. మెచ్చుకోలేదు. పక్కనున్న కుర్చీ లాగి తన కుర్చీకి ఆనించి వేసింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ కుర్చీ నాదే.

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఒకరోజు చూసుకునేవాళ్ళు లేక వెంట తీసుకెళ్ళాల్సి వచ్చింది. అలవాటు ప్రకారం "ఆంటీకి హలో చెప్పు" అన్నాను. పెన్సిలు వెనకభాగం బల్ల మీద టక్కున తగిలింది. పక్కవాళ్ళు మాట జారితే ఆవిడ చేసే మొదటి హెచ్చరిక అది.

"ఆంటీనా? ఏ వైపు?" అంది. తల్లి వైపా, తండ్రి వైపా అని. అదీ నన్ను కాదు, నాలుగేళ్ళ పిల్లని, నిజంగానే జవాబు కావాలన్నట్టు.

పిల్ల కాసేపు ఆలోచించింది. ఆవిడ కూర్చున్న కుర్చీని వేలితో చూపించి "దిస్ సైడ్" అంది.

నేను ఫక్కున నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "తెలియకపోతే తెలియదని చెప్పడం నేర్పు" అంది నాతో. ఆవిడ మాటలు నేను తెలుగులో రాస్తున్నాను గానీ, నాలుగేళ్ళలో ఆవిడకి పట్టుబడిన తెలుగు మాటలు రెండే.

మొదటిది "అమ్మో". అది నా వంశవృక్షం గీసినరోజు వచ్చింది. షాంటిలీ అనే ఊరి నుంచి మా అన్నయ్య వస్తున్నాడని చెప్పాను. ఎలా అన్నయ్య అంది. మా పెదనాన్న కొడుకు అన్నాను. "కజిన్" అంది. కాదు, అన్నయ్యే అన్నాను. సరే, మీ లెక్కేమిటో కాగితం మీద చూద్దాం అని పెన్సిలు తీసింది. మా అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి, ఆవిడ తన సొంత మేనమామనే చేసుకుందని చెప్పాను. కిందికి దిగాల్సిన గీత వెనక్కి తిరిగి పై మెట్టెక్కింది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, పెన్సిలు కింద పెట్టేసింది. "మా వైపు ఇది మామూలేనండీ, అమ్మో అని బెదిరిపోవాల్సిందేం లేదు" అన్నాను. ఆ "అమ్మో" ఒక్కటీ పట్టుకుంది. ఆ పూటంతా అదే అంది.

బెదిరిపోయిన మనిషిని ఊరడిద్దామని మా భాష గొప్ప చెప్పబోయాను. అమ్మ చెల్లెలు పిన్ని, అక్క పెద్దమ్మ, నాన్నకి అక్కైనా చెల్లైనా మేనత్త, మేనమామ భార్య అత్త, దేనికదే అన్నాను. అన్నీ శ్రద్ధగా రాసుకుంది. రాసుకుని తలెత్తి, "ఇన్ని సరైన మాటలుండి, అన్నీ అవతల పారేసి, ఒక తప్పు మాట తెచ్చుకున్నారా?" అంది. ఒళ్ళు మండింది. ఆ రోజు తెచ్చిన పులిహోర డబ్బా మూత తియ్యకుండా ఇంటికి పట్టుకుపోయాను.

ఇంత పట్టింపున్న మనిషి నాలుగేళ్ళూ వెతికింది కూడా ఒక ఆంటీ కోసమే.

వాళ్ళ తాతది స్కాట్లండ్, నాయనమ్మది ఐర్లండ్. చికాగోలో కలిసి, పెళ్ళి చేసుకుని, ఒక్క కొడుకుని కని, ఇద్దరూ ఒకే జ్వరానికి పోయారు. ఆ కొడుకే ఈవిడ తండ్రి. ఆయన్ని పెంచి పెద్ద చేసింది పెగ్ ఆంటీ. పెగ్ అంటే మార్గరెట్‌కి ముద్దుపేరు. తల్లికి చెల్లెలని ఇంట్లో అందరూ అనుకునేవారు. పెగ్‌దీ, నాయనమ్మ పుట్టింటిదీ ఇంటిపేరు ఒకటే కూడాను. పెగ్‌కి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. చికాగోలో ఒక పాత కాథలిక్ శ్మశానంలో, కంచె పక్కన, గడ్డి కింద ఉంది. పైన రాయి లేదు, పేరు లేదు. చిన్నప్పుడు తండ్రి ఏటా తీసుకెళ్ళి "ఇక్కడే" అని చూపించేవాడట. పోయేముందు ఆయన కూతుర్ని కోరింది ఒక్కటే, పెగ్‌కి రాయి పెట్టించమని.

శ్మశానం ఆఫీసువాళ్ళ రూలు, రాయి పెట్టేది కుటుంబంవాళ్ళే అయివుండాలి. ఫారం ఇచ్చారు. అందులోనూ అదే గడి, "చనిపోయినవారితో సంబంధం". ఆ ఫారం ఆవిడ సంచిలో ప్లాస్టిక్ కవరులో ఉండేది. అన్నీ నింపి, ఆ గడి ఒక్కటీ ఖాళీగా ఉంచింది.

"మీ నాన్నగారు చెప్పారుగా, వాళ్ళమ్మ చెల్లెలని. రాసెయ్యండి" అన్నాను ఒకసారి.

"చెప్పింది చాలదు. కాగితం కావాలి."

"ఎవరు చూడొచ్చారండీ?"

"నేనైతే చూసేదాన్ని" అంది.

ఆవిడకి తోబుట్టువులు లేరు, పెళ్ళి చేసుకోలేదు. గుండెలో కవాటం పాడైంది. లైబ్రరీ మెట్లెక్కి వచ్చేసరికి పెదాలు నీలంగా అయ్యేవి. "నాతో ఆఖరు. నేను పోయాక అక్కడ ఒక మనిషి ఉందని తెలిసినవాళ్ళు ఉండరు" అని, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. ఆ మాట విన్నాక పిడి తిప్పాలంటే నాకు భయం. రీలు అయిపోతోందంటే భయం, ఆవిడ కాస్త దగ్గితే భయం.

రెండో తెలుగు మాట అప్పుడే నేర్పాను. మా భాషలో స్టోన్‌ని రాయి అంటాం, రాయమని చెప్పాలన్నా రాయి అనే అంటాం అన్నాను. ఆవిడకి అది ఎంత నచ్చిందో! తన నోట్సులో పైన ఇంగ్లీష్ అక్షరాలతో రాసుకుని, కింద గీత గీసుకుంది. పొద్దున్నే నేను కనిపిస్తే "రాయి" అనేది, గుడ్ మార్నింగ్‌కి బదులు.

స్కాట్లండ్ వైపు పని ఇస్త్రీ చేసిన బట్టలా సాగింది. అక్కడ ఆడవాళ్ళకి పెళ్ళయినా పుట్టింటి ఇంటిపేరు కూడా కాగితాల మీద రాసేవారు, వెతికితే ఇట్టే దొరుకుతారు. "స్కాట్లండ్‌వాళ్ళు రాసుకుంటారు, ఐర్లండ్‌వాళ్ళు చెప్పుకుంటారు" అనేది ఆవిడ. ఐర్లండ్‌లో రాసుకున్నవి కూడా చాలామటుకు తగలబడిపోయాయట. మిగిలిన చర్చి రిజిస్టర్లలో, మసిబారిన అక్షరాల మధ్య, ఒక చలికాలం ఉదయం మార్గరెట్ దొరికింది. అదే ఊరు, అదే తల్లిదండ్రులు, నాయనమ్మ కంటే చిన్నది.

ఆ రోజు ఆవిడ నా పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది. ఫారం కవరులోంచి తీసి బల్ల మీద పెట్టింది. పెన్ను అడిగింది. లైబ్రరీలో పెన్ను ముట్టని మనిషి! నా పెన్ను తీసిచ్చాను. మొన ఆ గడి మీద ఆనబోయి ఆగింది.

"ఐర్లండ్ జనాభా లెక్కల రీలు ఒకటి తెప్పించమన్నాను. అది కూడా చూసి రాస్తాను" అంది.

"చాలదా ఇది? రాసెయ్యండి, ప్లీజ్" అన్నాను. నిజం చెప్పాలంటే చెయ్యి పట్టుకుని రాయించాలనిపించింది. ఆవిడ పెన్ను మూత పెట్టి నాకు తిరిగిచ్చేసింది.

రీలు వచ్చేదాకా ఇద్దరికీ మనసు మనసులో లేదు. వచ్చింది. పెగ్ ఇక్కడ చికాగోలో పిల్లాణ్ణి పెంచుతున్న రోజుల్లోనే ఆ మార్గరెట్ అక్కడ ఐర్లండ్‌లో, సొంత ఊళ్ళో, మొగుడితో, పిల్లలతో నిక్షేపంగా ఉంది. ఒక మనిషి రెండు దేశాల్లో ఉండదు కదా. ఆవిడ భూతద్దం తీసి తుడిచి, మళ్ళీ చూసి, యంత్రం దీపం ఆర్పేసింది. పెగ్ ఎవరు మరి?

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఇంటిపేరు ఒకటే అనగానే నేనూ తలూపేశాను. మా వైపు ఇంటిపేరు ఒకటైతే దాయాదుల లెక్కే, ఇంక ప్రశ్న లేదు. ఐర్లండ్‌లో ఆ ఇంటిపేరు వీధికి పదిమందికి ఉంటుందని ఎవరికి తెలుసు? మాటలు వెతుక్కుంటూ, "మీ నాన్నగారు ఆవిణ్ణి ఏమని పిలిచేవారు?" అనడిగాను.

"ఆంటీ పెగ్."

"ఆంట్ పెగ్ అని కాదా?"

"ఆంట్ అని ఎప్పుడూ వినలేదు. ఆంటీయే."

"మరి పక్కింటావిడేమోనండీ" అన్నాను. "మా వైపు పిల్లలు పక్కింటావిడనీ, కింద వాటాలో ఆవిడనీ అందర్నీ ఆంటీ అనే అంటారు. వాళ్ళకేం సంబంధం ఉండక్కర్లేదు."

బల్ల మీద పెన్సిలు చప్పుడవుతుందనుకున్నాను. కాలేదు. తన నోట్సు వెనక్కి తిరగేసి చూసింది. తర్వాత "వాళ్ళ వీధి పేరు నాకు తెలుసు" అంది మెల్లిగా.

పేర్లు వదిలేసి వీధి పట్టుకున్నాం. చికాగో జనాభా లెక్కల్లో ఆ వీధి ఇల్లిల్లూ చదువుకుంటూ పోయాం. తాతా నాయనమ్మా కాపురమున్న భవనంలోనే, కింది వాటాలో దొరికింది పెగ్. బట్టలుతికి బతికే మనిషి. ఇంటి పెద్ద గడిలో ఆవిడ పేరు, దాని కింద ఒక్కటే పేరు, ఈవిడ తండ్రిది. వయసు ఆరు. ఇంటి పెద్దతో సంబంధం అన్న గడిలో రాసినమాట బోర్డర్.

బోర్డర్ అంటే అద్దెకుండి భోజనం చేసేవాడు. ఆరేళ్ళ పిల్లాడు!

"చూశారా, సొంత మనిషి కాకపోయినా పెంచింది" అన్నాను. నాకు సంతోషంగా ఉంది. ఆవిడ ముఖం మాత్రం పాలిపోయింది.

"లెక్కలవాడు తలుపు తడితే చెప్పింది పెగ్గే" అంది. "అక్క కొడుకని అనెయ్యొచ్చు. ఎవరూ చూడరు. అయినా అనలేదు. లేని సంబంధం ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు నేను ఎలా చెప్పను?"

"ఆరేళ్ళవాణ్ణి ఎవరైనా అద్దెకి పెట్టుకుంటారా? గడిలో పట్టే మాట లేక అలా చెప్పుంటుంది."

"నాకూ గడి అంతే ఉంది" అని ఫారం కవరులో పెట్టేసి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత లైబ్రరీకి రాలేదు. కిటికీ పక్క యంత్రం దగ్గర వేరెవరో కూర్చుంటే చూడలేక నేనూ వెళ్ళడం తగ్గించాను.

"ఏదో ఒక వరస, నీస్ అని రాసి సబ్మిట్ చేసి పడేయక, ఎందుకే ఆవిడకీ నీకూ ఈ టెన్షన్?" అన్నారు మా ఆయన.

"ఆవిడైతే చూసేదట" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

వసంతంలో ఒక మధ్యాహ్నం హాస్పిటల్ నుంచి ఫోన్. ఆవిణ్ణి అంబులెన్స్‌లో తెచ్చారట, పర్సులో ఉన్న ఒక్క నంబరూ నాదట. బడి వదిలే వేళ. అమ్మాయిని స్కూల్ దగ్గర ఎక్కించుకుని అటునుంచి అటే డ్రైవ్ చేశాను. అది మూడో తరగతికి వచ్చింది అప్పటికి. ఆవిడున్న గది తలుపు దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"కుటుంబంవాళ్ళకే పర్మిషన్. మీరు ఫ్యామిలీనా?"

అవును అనబోయి ఆగాను. నాలుగేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నందుకు శిక్ష! ఇంకెవరి దగ్గరైనా గడుసుగా అబద్ధమాడి లోపలికి పోయేదాన్ని. తలుపు సగం తెరిచే ఉంది, మంచం మీద ఆవిడ కనిపిస్తోంది, మా మాటలు వినిపిస్తున్నాయి. ముఖానికి ఆక్సిజన్ మాస్కు.

"షీ ఈజ్ మై ఆంటీ" అంది మా అమ్మాయి.

నర్సు చామనఛాయ పిల్లని చూసింది, తెల్లగా పాలిపోయిన ముసలావిణ్ణి చూసింది. లోపలికి తొంగి, "మేడమ్, ఈ పాప మీకు నీస్ అవుతుందా?" అనడిగింది. ఆవిడ సంగతి నాకు తెలుసు. లేని సంబంధం ఒప్పుకోదు, చావు మంచం మీదైనా.

ఆవిడ మాస్కు పక్కకి లాగి "కాదు" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరగబోయాను.

"నేను దానికి ఆంట్‌ని కాను" అంటోంది లోపలినుంచి, ఆయాసపడుతూ, ఒక్కో మాటా తూచి. "ఆంటీని. చివర ఒక అక్షరం ఎక్కువ. అది వేరే సంబంధం. వాళ్ళలో ఉంది. రానివ్వు."

నర్సు ఇంకేం అడగలేదు, చెయ్యి తీసేసింది. మా అమ్మాయి ఎటు నిలబడాలో తెలియక గుమ్మంలో ఆగితే, ఆవిడ మంచం అంచు మీద చేత్తో తట్టి "దిస్ సైడ్" అంది. గుర్తుంది ఆవిడకి. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కాసేపయ్యాక కళ్ళతోనే సంచి చూపించింది. కవరులోంచి ఫారం తీశాను. చెయ్యి వణుకుతోందని, ఆ గడి నన్ను నింపమంది.

"ఏమని?"

"ఆంటీ."

పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ఆవిడ నన్నే చూస్తోంది. "అబద్ధం కాదుగా?" అంది. అన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన మొదటి సందేహం అది.

"కాదండీ" అన్నాను.

"రాయి" అంది, తెలుగులో, ఆ ర ని మెలితిప్పి. రాయమందో, రాయి పెట్టించమందో అడగలేదు. రాశాను. కింద వంకరటింకరగా సంతకం పెట్టింది. "ఫోన్ చేసి అడుగుతారు. నేనైతే అడిగేదాన్ని. నీ నంబరు కూడా వెయ్యి" అంది.

ఆపరేషన్‌కి డాక్టర్లు రోజు చూస్తుండగానే పోయింది. ఫారం నేనే పోస్టులో వేశాను.

ఆవిడ అన్నట్టే ఫోనొచ్చింది. వంటగదిలో ఉన్నాను. అమ్మాయి ఎదురుగా కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. శ్మశానం ఆఫీసులో ఎవరో పెద్దావిడ. ఫారం పెట్టినావిడ పోయిందనీ, ఆవిడ తరఫున రాయి నేను పెట్టిస్తాననీ చెప్పాను. అయ్యో అంది, కాగితాలు తిరగేసింది.

"ఇక్కడ సంబంధం ఆంటీ అని రాశారు. ఏ వైపు మేడమ్? తల్లి వైపా, తండ్రి వైపా?"

నాకు ఒక్కసారిగా బల్ల మీద పెన్సిలు టక్కున తగిలినట్టయింది. చెయ్యి చాచి స్టవ్ కట్టేశాను. "హలో, ఉన్నారా?" అంటోంది అవతలావిడ. అమ్మాయి తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"మా వైపు" అన్నాను.

అవతల కీబోర్డు మీద టకటక వినిపించింది. "సరే, రాసుకున్నాను. రాయి మీద ఏం చెక్కాలో స్పెల్లింగ్ చెప్పండి" అంది.